మట్టి మోసిన శివయోగి: సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు

ఉద్దాన సీమలోని కొబ్బరితోటలను, జీడితోటలను, పనసచెట్లను చూచినవారు ఆ నేలను ఉద్యానవనమని కొనియాడుదురు. కంచిలి, కవిటి, సోంపేట ప్రాంతముల ప్రజలు మంచినీటికై పడిన కష్టము మాత్రము దారిన పోవువారి కంటబడదు. మూత్రపిండముల వ్యాధి ఆ పల్లెలలో ఎన్నో ఇండ్లను కన్నీట ముంచినది. దాని మూలకారణమేమో తేల్చుటకు వైద్యశాస్త్రజ్ఞులు నేటికిని పరిశోధించుచున్నారు. ఆ ప్రజలకు శుద్ధజలము నందించుటకై హిరమండలము జలాశయమునుండి గొట్టముల ద్వారా నీరు తెచ్చు పథకమును సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మించి 2023 డిసెంబరులో ప్రారంభించిరి. ఇట్టి నిర్మాణములు జరిగినప్పుడు శిలాఫలకముపై ప్రారంభించిన పెద్దల పేర్లు చెక్కుదురు. ఎండలో నిలిచి కందకములు త్రవ్విన కూలీల పేర్లు చెక్కు వాడుక మనలో లేదు.

నీరు త్రాగువాడు చెరువును తలచును, చెరువు కట్టించిన ప్రభువును తలచును. తట్టతో మట్టి మోసినవానిని తలచుట అరుదు. పన్నెండవ శతాబ్దమున ఒక శరణుడు ఆ తట్టను స్వయముగా నెత్తికెత్తుకొనెను. మట్టిపనివారి కులనామము తన పేరునకు ముందు చేరగా, అది తరువాతి కాలమున ఆ కులము వారికే గౌరవముగా మారెను. ఆయనయే సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు. నేటి మహారాష్ట్రములోని సోలాపురమే నాటి సొన్నలిగె. ఆయనకు దైవదర్శనమైనది మన శ్రీశైలమున. ఆయనను కులగురువుగా కొలుచు ఒడ్డరులలో అనేకులు కర్ణాటకమున స్థిరపడియు ఇంట తెలుగు మాటాడువారు. వారినే మనము వడ్డెరలందుము. ఓఢ్రదేశమునుండి వచ్చినవారగుటచే ఆ పేరు కలిగినదని పెద్దలు చెప్పుదురు. ఓఢ్రదేశపు పొలిమేరకు చేరువనున్న కంచిలి సీమవారికి ఈ శరణుని కథ పరాయిది కాదు.

బాల్యము

సిద్ధరాముని తండ్రి ముద్దగౌడ, తల్లి సుగ్గలదేవి. వారు సేద్యము చేసి బ్రదుకువారు. వారి కడుపున శివయోగి పుట్టునని రేవణసిద్ధేశ్వరుడు ముందే సెలవిచ్చెనని చరిత్రలు తెల్పుచున్నవి. ఇంటిదైవము పేర తల్లిదండ్రులు శిశువునకు ధూళిమాకాళుడని పేరు పెట్టిరట. బాలుడు మాటాడడు, ఆటలకు పోడు, ఎవరేమన్నను కోపగించుకొనడు. ఊరివారు మందబుద్ధి యనుకొనిరి. పశువులను మేపుటకు, చేను కాచుటకు పంపినచో చెప్పిన పని చేసి, మిగిలిన పొద్దు మట్టితో లింగము చేసి దానియెదుట మౌనముగా కూర్చుండెడివాడు.

ఒకనాడు చేనిగట్టున ఒక జంగమయ్య కనిపించి ఆకలియని అడిగెను. బాలుడు లేతజొన్న కంకులు కాల్చి, గింజలు నలిచి పెట్టెను. తన పేరు మల్లయ్య యనియు, తనది శ్రీశైలమనియు ఆయన చెప్పెను. ఆ గింజలకు కడుపు వేడిచేసినది, కొంచెము మజ్జిగయన్నము కావలెనని కోరెను. బాలుడు ఇంటికి పరుగెత్తి తల్లినడిగి మజ్జిగయన్నము తెచ్చునప్పటికి గట్టుపై ఎవరును లేరు. మల్లయ్యా మల్లయ్యా యని పిలుచుచు చేలన్నియు తిరిగెను. ఆ దారిన పోవు యాత్రికులు తాము మల్లయ్య యొద్దకే పోవుచున్నామనిరి. మజ్జిగయన్నపు ముంతతోనే బాలుడు వారి వెంట నడచెను.

శ్రీశైలదర్శనము

శ్రీశైలమున యాత్రికులు గర్భగుడిలోని లింగమును చూపి ఇతడే మల్లయ్య యనిరి. బాలుడు ఒప్పుకొనలేదు. తన చేతి గింజలు తిన్న మల్లయ్యకు ముఖమున్నది, ఆకలియున్నది. ఆయన కొరకు కొండలన్నియు గాలించి, కానరాక, లోతైన లోయ యంచున నిలిచి ప్రాణము విడువబోగా మల్లికార్జునుడు ప్రత్యక్షమై చేయిపట్టి ఆపెనని పురాణకథనము.

ఇచ్చట మనము గమనింపవలసిన దొకటి కలదు. స్వామి ఆ బాలుని శ్రీశైలమున తపస్సు చేసికొమ్మనలేదు. సొన్నలిగెకు తిరిగిపోయి దానిని మరియొక శ్రీశైలముగా తీర్చమని ఆజ్ఞాపించెను. ఆకలిగొన్నవానికి అన్నము తెచ్చుటకు పరుగెత్తిన పిల్లవానికి దైవమిచ్చిన వరము పనియే యయ్యెను.

చెరువు పని

సొన్నలిగె వానలు తక్కువగా కురియు దక్కనుపీఠభూమి నడుమ నున్నది. వాన కురిసిన నాడు నీరు పారిపోవును, కురియని నాడు బావులెండిపోవును. సిద్ధరాముడు తిరిగివచ్చి ఊరి నలుదిక్కుల అరువదియెనిమిది లింగములను ప్రతిష్ఠించెను. కపిలసిద్ధ మల్లికార్జునునకు ఆలయము కట్టెను. దానిని చుట్టి పెద్ద చెరువు త్రవ్వించెను. ఆ చెరువు పనిలో వేలమంది పాల్గొనిరని సంప్రదాయము చెప్పును. వారిలో ఒడ్డరులు ముఖ్యులు.

మట్టిపని తెలియనివారికి చెరువు త్రవ్వుట కేవలము గొయ్యి త్రవ్వుటవలె తోచును. అది యెంతో నేర్పుతో కూడినది. నీరు ఏ వాలున వచ్చునో, ఎచ్చట నిలుచునో ముందు కనిపెట్టవలెను. నల్లరేగడి యెచ్చట, మొరము ఎచ్చట అని పలుగు మోతనుబట్టియే పనివాడు చెప్పగలడు. మగవారు త్రవ్వగా ఆడువారు తట్టలకెత్తి కట్టమీదికి మోయుదురు. పోసిన మట్టిని పొరలు పొరలుగా తడిపి, త్రొక్కి, దిమ్మిసతో కొట్టి గట్టిపరుపవలెను. పొర వదులైనచో తొలివానకే కట్ట గండిపడును. నీటివైపు వాలున రాళ్ళు పేర్చవలెను. అధికజలము పోవుటకు అలుగు, పొలములకు విడుచుటకు తూము అమర్పవలెను. ఎంత లోతు త్రవ్విరో తెలియుటకై నడుమ నడుమ కొన్ని మట్టిదిమ్మెలు త్రవ్వక విడుతురు. ఆ దిమ్మెల యెత్తు కొలిచియే కూలి లెక్క కట్టెడివారు. శతాబ్దములు నిలిచిన చెరువుకట్ట వెనుక చదువురాని చేతుల శాస్త్రజ్ఞానమున్నది.

సిద్ధరాముడు ఒడ్డున గొడుగు క్రింద కూర్చుండి పని చేయించినవాడు కాడు. ఆయన స్వయముగా త్రవ్వెననియు, మోసెననియు, పనివారితో కలిసి భుజించెననియు భక్తులు నమ్ముదురు. అక్కడ నిత్యము అన్నదాసోహము నడచెడిది. రాఘవాంకుడు పదమూడవ శతాబ్దమున ఈయన చరిత్రను కన్నడమున కావ్యముగా రచించుటకు ఇట్టి జీవితమే ప్రేరణ యయ్యెను.

అల్లమప్రభువు రాక

ఆ పని జోరుగా సాగుచుండగా అల్లమప్రభువు సొన్నలిగెకు వచ్చెను. కట్టపై నిలిచి, మీ ఒడ్డరాముడు ఎక్కడ నున్నాడని పనివారినడిగెను. తమ గురువును అట్లు పిలుచుట విని వారు మండిపడిరి. పలుగులు విడిచి రాళ్ళందుకొని ప్రభువుపై రువ్విరి. రాళ్ళు ఆయనను తాకలేదు. వార్త విని సిద్ధరాముడు వచ్చి, కోపమున మూడవకన్ను తెరవగా మంటలు లేచెననియు, అల్లముడు ఆ మంటలను చల్లార్చెననియు శూన్యసంపాదనము చెప్పుచున్నది. చామరసు కవి కన్నడమున ప్రభులింగలీలలో అల్లముని చరిత్రను గానము చేయగా, పిడుపర్తి సోమనాథుడు దానిని తెనిగించెను.

ఈ ఘట్టమును అద్భుతకథగా విని ఊరకుండరాదు. రాళ్ళు రువ్వినవారు ఎవరు? ఒడ్డరులే. వారికి కోపము తెప్పించిన మాట ఏది? వారి కులము పేరే. తమ పేరు తమ గురువునకు తగిలినచో గురువు మైలపడునని వారే నమ్మిరి. తరతరములుగా లోకము వారికి అట్లు నేర్పినది. తన పేరే తనకు తిట్టుగా వినబడుట కన్న పెద్ద దారిద్ర్యము మనుష్యునకు వేరొకటి లేదు. ప్రభువు విసరిన ఒక్క మాటకు ఆ దాచియుంచిన గాయము బయటపడెను. పనివారిలో ఒకడై మట్టి మోసిన సిద్ధరామునిలో సైతము, ఇంత గొప్ప పని నాచేత జరుగుచున్నదను భావము మిగిలియున్నదని ఆ మంటలు చాటెను.

అంతట ప్రభువు సిద్ధరామునకు బోధించెను. ఆ బోధ సారమిది. చెరువు త్రవ్వుట తప్పు కాదు, గుడి కట్టుట తప్పు కాదు. నేను కట్టితిననుట బంధము. బయటి నేలను ఎంత త్రవ్వినను లోపలి నేల త్రవ్వనిచో అహంకారమను బండ కదలదు. పుణ్యఫలమాశించి చేయు మంచిపని కూడ సంకెలయే, అది బంగారు సంకెల. సిద్ధరాముడు ఈ మాటలు విని తలవంచెను. ప్రభువు వెంట కల్యాణమునకు బయలుదేరెను.

కల్యాణమున

కల్యాణమునందు బసవేశ్వరుని అనుభవమంటపమున సిద్ధరాముడు చూచిన దృశ్యము ఆయనకు క్రొత్తది. బట్టలుతుకు మాచిదేవుడు, త్రాడు పేను నులియ చందయ్య, భక్తుల వాకిళ్ళూడ్చు సత్యక్క ఆ శరణసమూహమునందలివారే. అక్కడ ఎవని పని వానికి తిట్టు కాదు. పని పేరే బిరుదు. శరీరకష్టముచే ఆర్జించి, తనకు కావలసినది తీసికొని, మిగిలినది జంగమదాసోహమున కర్పించుటయే కాయకము. సిద్ధరాముడు అంతవరకు చేసినది సత్కర్మ. దానిని కాయకముగా మార్చు రహస్యము ఆయనకు అచ్చట తెలిసెను.

శివయోగియైన తనకు ఇష్టలింగధారణ అవసరమా యను సందేహము ఆయనకు కలిగెను. చెన్నబసవేశ్వరుడు ఆ సందేహమును తీర్చి దీక్ష యిచ్చెను. వయస్సున చిన్నవాడైన గురువునెదుట వంగుటకు సిద్ధరాముడు సంకోచింపలేదు. పిమ్మట ఆయన కపిలసిద్ధ మల్లికార్జునుని ముద్రతో వచనములు పలికెను. వాటిలో వేయికి పైగా నేటికిని లభించుచున్నవి.

1167 ప్రాంతమున కల్యాణమున విప్లవము చెలరేగి శరణులు చెదరిపోయిరి. సిద్ధరాముడు సొన్నలిగెకు మరలి వచ్చెను. అదే చెరువు, అదే ఊరు. చేయువాడు మాత్రము మారెను. కట్టినది తనదను భావము లేక, ఆ జలమధ్యముననే ఆయన సమాధి చెందెను. నేటికిని సోలాపురమున ప్రతి యేట మకరసంక్రాంతికి ఏడు నందిధ్వజములతో ఉత్సవము జరుగును. తెలంగాణమునుండి వలసపోయి ఆ పట్టణమున మగ్గములు నేసి స్థిరపడిన తెలుగువారికి కూడ అది తమ ఊరి పండుగయే. కర్ణాటకమున భోవి యను పేరుతో వ్యవహరింపబడు ఒడ్డరులకు చిత్రదుర్గమున సిద్ధరామేశ్వరుని పేర గురుపీఠము కలదు. నాడు రాళ్ళు రువ్వించిన పేరే నేడు పీఠమెక్కినది.

మనము తెలిసికొనవలసినది

ఆయ్దక్కి మారయ్య ఒకనాడు తన వంతునకు మించి బియ్యము ఏరి తేగా ఇల్లాలు లక్కమ్మ అంగీకరింపక, ఎక్కువైనది తిరిగి పోసిరమ్మని పంపెను. కాయకము చేయువాడు హెచ్చు తీసికొనరాదని మనమీ కథను తరచుగా చెప్పుకొందుము. దీనికి రెండవ ముఖమున్నది. పని చేయించుకొనువాడు తక్కువ ఇయ్యరాదు. మొదటిది పనివానికి నియమమైనచో రెండవది మనకు నియమము.

పలాస–కాశీబుగ్గ, ఇచ్ఛాపురము వంటి పట్టణములలో పురపాలకసంఘపు పనివారు మనము లేవకముందే వీధులూడ్చి, కాలువల పూడిక తీయుదురు. ఉద్దానమునుండి ఎందరో దూరపట్టణములకు పోయి మట్టిపని, కట్టడపుపని చేయుచున్నారు. మురుగుగోతులలో రక్షణ లేకుండ మనుష్యుని దింపరాదని 2013 నాటి చట్టము శాసించినను, ఆ తరువాత కూడ ఆ గోతులలో ఊపిరాడక మరణించినవారు కలరు. వారిని పేరుపెట్టి పిలుచువారెందరు? త్రాగుటకు నీరడిగినచో లోటా ఇచ్చువారెందరు? దూరమునుండి దోసిట పోయువారెందరు? లింగధారులమని చెప్పుకొను మన ఇండ్లలో ఈ ప్రశ్న వేసికొనవలెను. మఠములలో దాసోహపంక్తి వేయునప్పుడు, ఆ మఠపు ప్రహరీ కట్టిన మేస్త్రీ, మట్టి మోసిన కూలియమ్మ ఆ పంక్తిలో కూర్చుండిరా యని చూడవలెను.

సిద్ధరామేశ్వరుని గుడికి ప్రదక్షిణము చేయుట సులభము. ఆయన మోసిన తట్టను గౌరవించుట కష్టము. కష్టమైన ఆ పూజనే శివుడు మెచ్చును.