పచ్చయప్ప మొదలియారు: ఒక ధర్మనిధి చరిత్రము

దానము చేయుట యొక యెత్తు; చేసిన దానము తరతరములు నిలుచునట్లు చేయుట మఱియొక యెత్తు. మొదటిదానికి ధనమును, దయయు నున్న చాలును. రెండవదానికి పత్రము, లెక్క, నమ్మదగిన ధర్మకర్తలు అను మూడును కావలయును. ఈ సంగతిని మన సంఘీయుల యెదుట నుంచుటకై చెన్నపట్టణమున ప్రసిద్ధుడైన పచ్చయప్ప మొదలియారు చరిత్రము నెన్నుకొంటిమి. ఆయన మన కులమువాడు కాడు. మన భాషవాడును కాడు. అయినను విద్యార్థినిధిని గూర్చి యాలోచించుచున్న యీ మహాసభకు ఆయన చరిత్రముకంటె నుపయుక్తమైనది మాకు తోచలేదు.

పచ్చయప్ప 1754వ సంవత్సరమున చెన్నపట్టణమునకు వాయవ్యమున నున్న పెరియపాళెమున జన్మించెను. తండ్రి విశ్వనాథ మొదలియారు కుమారుని ముఖము చూడకమునుపే గతించెను. దిక్కులేని తల్లి బిడ్డలను వెంటబెట్టుకొని చెన్నపట్టణము చేరి, పౌనీ నారాయణపిళ్ల యను దుబాసీ యాశ్రయమును పొందెను. పౌనీ యను దొర వ్యవహారములు చూచుటచే నాయనకు ఆ పేరు వచ్చినది. ఆ పుణ్యాత్ముడు బాలుని తన యింటివానివలె జూచి, లెక్కలును, వర్తకపు మెలకువలును, దొరలతో మాటలాడుటకు వలసిన యింగ్లీషును నేర్పించెను. పరుల దయచే పెరిగిన బాలుడే పిమ్మట పరులకు దాత యయ్యెనని మనము గుర్తింపవలయును.

ఆ కాలమున దుబాసీ యనగా రెండు భాషలు తెలిసినవాడు మాత్రమే కాడు. దొరకు సరకులు కొనిపెట్టుట, అప్పు పుట్టించుట, శిస్తులు వసూలు చేయించుట, సంస్థానములతో బేరములు నడపుట యంతయు నాతని చేతిమీదుగనే జరుగుచుండెను. పచ్చయప్ప యౌవనముననే యీ వృత్తియందు ప్రవేశించి, సలివన్ అను కుంఫిణీ యుద్యోగికి దుబాసీయై, తంజావూరు సంస్థానపు ధనవ్యవహారములలో గొప్ప పలుకుబడి సంపాదించెను. నలువదియేండ్లు నిండులోపల లక్షలకు నధికారి యయ్యెను. ఆ నాటి దుబాసీల యార్జన మంతయు నిర్దోషమని మేము వాదింపము. శిస్తు గుత్తలలోను, వడ్డి వ్యాపారములోను రైతుల కష్టము కొంత కలిసియే యుండును. కాని యార్జించినదానిని తుదకు దేనికి వినియోగించెనో దానినిబట్టియే లోకము పచ్చయప్పను స్మరించుచున్నది.

ఆయన శివభక్తుడు. కూవము నదీతీరమున కోమళేశ్వరన్ పేటలో నివసించుచు, ఆ నదిలో స్నానమాడి కోమళేశ్వరుని సేవించుచుండెనని చెప్పుదురు. నేటి కూవమును చూచినవారికి ఆ మాట నమ్మశక్యము గాకుండును.

1794వ సంవత్సరము మార్చి 22వ తేదీన, కుంభకోణమున, శరీరము క్షీణించుచుండగా, ఆయన మరణశాసనము వ్రాయించెను. దేవతార్చనలకును, ఇతర ధర్మకార్యములకును తన ధనమును వినియోగింపవలెనని నిర్దేశించి, నిర్వహణభారమును తన్ను పెంచిన నారాయణపిళ్లపై నుంచెను. ఆ నెల 31వ తేదీన తిరువయ్యారున కావేరీతీరమున తనువు చాలించెను. ఇంగ్లీషువారి పద్ధతిని మరణశాసనము వ్రాసి ధర్మమునకు సొమ్ము విడిచిన మొదటి హిందువులలో నాయన యొకడు.

ఇక చరిత్రములోని దుఃఖభాగము. దాత కన్నుమూసిన పిదప ధర్మము చక్కగా సాగలేదు. బంధువులును, ధనము చేతబట్టినవారును వ్యాజ్యములలో దిగిరి. ఏండ్లు గడచిపోయెను; దీపము వెలుగవలసినచోట కాగితములు పేరుకొనెను. ఆ మరణశాసనమే లేకున్నచో సొమ్మంతయు దాయాదుల పాలై, పచ్చయప్ప పేరు నేడు ఎవ్వరికిని తెలిసియుండదు. ఆ పత్రము నాధారము చేసికొనియే సుప్రీము కోర్టు ధనమును తన స్వాధీనమునకు తెచ్చుకొనెను. అడ్వొకేటు జనరలు జార్జి నార్టన్ మిక్కిలి శ్రద్ధతో నీ ధర్మమును నిలువబెట్టెను. 1832లో కోర్టు చేసిన యేర్పాటుచే లక్ష వరహాలు, అనగా నించుమించు మూడున్నర లక్షల రూపాయలు, దేవతాధర్మములకు స్థిరపడెను. వడ్డి పెరుగుటచే మిగిలిన నాలుగున్నర లక్షలు విద్యకు వినియోగింపబడెను. కొన్ని దేవాలయములలో ఈ ధర్మవివరమును శిలలపై చెక్కించిరి. కాగితము చెదలు తినునేమో గాని, శిల యందరికిని సాక్ష్యము చెప్పును.

1842వ సంవత్సరము జనవరి 1వ తేదీన పచ్చయప్ప పాఠశాల తెరువబడెను. దాత మరణించి అప్పటికి నలువదియెనిమిదేండ్లు. ధర్మకర్తలలో కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల యొకరు. మన యేనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్రచరిత్రమును 1838లో ముద్రింపించిన యుపకారి యీయనయే గనుక, తెలుగువారికి నీ కథతో నొక బంధుత్వము కలదు. 1846లో పునాది వేయబడి, ఏథెన్సు నగరపు ప్రాచీనాలయమును బోలిన మందిరము 1850లో గవర్నరు పాటింజరు గారిచే తెరువబడెను. 1889 నాటికి పాఠశాల పూర్ణకళాశాల యయ్యెను. 1940లో చేట్‌పట్టునకు మారెను. గణితవిద్యానిధి శ్రీనివాస రామానుజము 1906లో నిచ్చట చదివెను.

సంస్కృతము చదివిన మాబోటివారికి, దాత కోరిన యర్చనలతోపాటు కోర్టువారు పాశ్చాత్యవిద్యను జేర్చుట మొదట వింతగా దోచును. కాని మూలధర్మము నడగింపక, మిగులుతోనే విద్య నేర్పించిరి గనుక దానిని మేము దోషముగా నెంచము. ఆ పాఠశాల ఆయన కులమువారికి మాత్రమే గాక హిందువులకెల్లరకును తెరువబడెను. ఇతర మతస్థులకు మాత్రము 1947 వఱకు ప్రవేశము లేకపోవుట యొక కొఱత.

కావున మన సంఘమునకు మా విన్నపములు మూడు. దాతలు సభలో నోటిమాటగా ప్రకటించు మొత్తములను సంవత్సరము తిరుగకమునుపే పత్రమూలముగా నిధికి చేర్చవలయును. ఆయవ్యయముల లెక్క యేటేట ముద్రింపబడి ప్రతి సభ్యునికిని చేరవలయును. మన విద్యార్థినిధినుండి యితర కులముల పేదబాలురకును, బాలికలకును గొన్ని స్థానములైన కేటాయింపవలయును. పచ్చయప్ప ధర్మము నలువదియెనిమిదేండ్లు వేచియుండుటకు ధనము లేమి కారణము కాదు. కాపాడువారి లేమియే కారణము. ఆ లోపము మన నిధికి రాకుండుగాక యని పరమేశ్వరుని ప్రార్థించుచున్నాము.