నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా

చినమౌలానా గారు 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో జన్మించారు. ఆనాటికి ఆ ఊరు గుంటూరు జిల్లాలోనిది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. కనుక రెండు జిల్లాల వారమూ ఆయనను మనవాడనే చెప్పుకోవచ్చును.

తండ్రి కాసిం సాహెబు గారి వద్ద తొలి పాఠం, ఆపైన చిలకలూరిపేట ఆదం సాహెబు గారి వద్ద శిష్యరికం. దేవుడి సేవకూ, పెళ్ళి పందిరికీ నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలు మన ప్రాంతానికి కొత్త కాదు. ఆ విద్యతోనే ఇక్కడ హాయిగా బ్రతకవచ్చు. కాని తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై గారి వాదనం ఆయన మనసును పట్టుకొన్నది. రాగాన్ని తొందరపడకుండా, గమకం చెడకుండా గంటల తరబడి పెంచే తంజావూరు బాణీ అది. దానికోసం వంశవిద్య చేతిలో ఉన్న మనిషి నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు గార్ల వద్ద మళ్ళీ శిష్యుడై కూర్చున్నారు. భాష వేరు, మతం వేరు. పైగా ఆ వాద్యానికి పుట్టినిల్లనదగిన సీమ. అక్కడి రసికుల ముందు సొంత మేళానికి నాయకుడై నిలబడటం ఎంత సాహసమో సంగీతం తెలిసినవారు ఊహించగలరు.

చివరకు శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. రంగనాథుని సన్నిధిలో ఆయన నాదస్వరం మ్రోగింది. అక్కడే శారదా నాదస్వర సంగీత ఆశ్రమం నెలకొల్పి శిష్యులను తయారుచేశారు. 1977లో పద్మశ్రీ లభించింది. మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు మాత్రం 1998లో గాని రాలేదు. ఆలస్యమనే నా అభిప్రాయం. 1999 ఏప్రిల్‌లో కన్నుమూశారు. మనుమలు కాసిం, బాబు గార్లు ఆ బాణీని అందుకొన్నారు.