గృహస్థ తపస్వి – మాస్టరు మహాశయులు

శ్రీరామకృష్ణ కథామృతమును చదువని భక్తులు అరుదు. ఆ గ్రంథమును లోకమున కొసగినవారు కాషాయధారి కారు. కలకత్తా నగరమున ఒక పాఠశాలకు ప్రధానోపాధ్యాయులు, బిడ్డల తండ్రి. తమ పేరును పూర్తిగ ప్రకటింపక ‘మ’ అను ఒక్క అక్షరము వెనుక దాగియుండిన ఆ మహనీయులు మహేంద్రనాథ గుప్తులు. భక్తులు వారిని మాస్టరు మహాశయులని పిలుచుచుండిరి. ఇల్లును, బడిని విడువకయే వానినే తపోభూములుగా మార్చుకొనుట వారి జీవితమునందలి విశేషము.

వారు 1854వ సంవత్సరము జూలై 14వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి మధుసూదన గుప్తులు, తల్లి స్వర్ణమయీదేవి. హేర్ పాఠశాలలోను, ప్రెసిడెన్సీ కళాశాలలోను చదివి, విశ్వవిద్యాలయ పరీక్షలందు అగ్రశ్రేణిలో ఉత్తీర్ణులై బి.ఏ. పట్టము పొందిరి. విద్యార్థి దశలోనే వారికి నికుంజదేవితో వివాహమయ్యెను. ఆమె బ్రహ్మసమాజ నాయకులగు కేశవచంద్రసేనుల బంధువు. బాల్యమునుండియు దినచర్యను వ్రాసియుంచుకొను అలవాటు మహేంద్రనాథులకు గలదు. ఆ చిన్న అలవాటు లోకమునకు ఎంతటి ఉపకారము చేయనున్నదో ఆనాడు ఎవ్వరును ఎరుగరు.

ఈశ్వరచంద్ర విద్యాసాగరులు స్థాపించిన మెట్రోపాలిటన్ విద్యాలయపు శ్యాంపుకూరు శాఖకు వారు ప్రధానోపాధ్యాయులైరి. పాండిత్యము, గౌరవము, జీతము అన్నియు గలవు. ఇంట మాత్రము శాంతి లేదు. ఉమ్మడి కుటుంబములోని కలహములు భరింపరాని వగుటచే, జీవితముపై విరక్తి చెంది, ప్రాణత్యాగము చేయుటకు సైతము నిశ్చయించుకొని, 1882వ సంవత్సరమున ఒక రాత్రి భార్యతోకూడ ఇల్లు వెడలిరి. వరాహనగరమున సోదరి ఇంట దిగిరి. మరునాటి సాయంకాలము మేనల్లునితో గంగాతీరమునందలి తోటలు చూచుచు దక్షిణేశ్వరాలయము చేరిరి. అది ఫిబ్రవరి 26వ తేదీ, ఆదివారము. చావును కోరి బయలుదేరినవారు ఆ సంధ్యవేళ జీవితమునకు అర్థము చెప్పగల గురువును చూచిరి.

ఆ తొలిదినములలోనే వారి విద్యాగర్వమునకు ఒక దెబ్బ తగిలెను. భార్య ఎట్టిదని గురుదేవు లడుగగా, మంచిదే గాని అజ్ఞాని యని మహేంద్రనాథులు బదులు చెప్పిరి. ఆమె అజ్ఞాని, తాము మాత్రము జ్ఞానియా యని గురుదేవులు మందలించిరి. పుస్తకజ్ఞానము జ్ఞానము కాదనియు, భగవంతుని ఎరుగుటయే జ్ఞానమనియు ఉపాధ్యాయులు ఆనాడు మొదటి పాఠము నేర్చుకొనిరి. సంసారము విడువవలెనను తలంపు వారికి పలుమార్లు కలిగినను గురుదేవులు అంగీకరింపలేదు. ధనికుని ఇంట పనిచేయు దాసి అన్ని పనులు చేయుచు మనస్సును తన పల్లెలోనే ఉంచునట్లు, కర్తవ్యములు చేయుచు మనస్సును భగవంతునియందు నిలుపుమని బోధించిరి.

మాస్టరు మహాశయులు ఆ బోధను బడిలోను ఆచరించిరి. శుద్ధచిత్తులగు బాలకులను గుర్తించి దక్షిణేశ్వరమునకు త్రోవ చూపుచుండిరి. పిదప స్వామి ప్రేమానందులైన బాబూరాముడు, గురుదేవుల ప్రియభక్తుడగు పూర్ణచంద్రుడు వారి పాఠశాల విద్యార్థులే. పిల్లలను ఎత్తుకొనిపోవు మాస్టరని జనులు పరిహాసము చేసినను వారు లెక్కచేయలేదు.

గృహస్థునకు రాదగిన శోకములు వారిని విడువలేదు. ఏడెనిమిది ఏండ్ల కుమారుడు మరణింపగా, నికుంజదేవి దుఃఖముచే ఉన్మాదినివలె నయ్యెను. గురుదేవులు ఆమెను చేరదీసి ఓదార్చి, శ్రీ శారదాదేవి చెంత కొన్నినాళ్ళు ఉండుమనిరి. గురుదేవుల నిర్యాణానంతరము 1886లో శ్రీ శారదాదేవి బృందావన యాత్రకు వెళ్ళినప్పుడు వెంట నడచినవారిలో నికుంజదేవియు ఒకరు. ఒకనాడు భర్తచే అజ్ఞాని యనబడిన ఆ యిల్లాలికి గురుకృప భర్తకంటె తక్కువగా లభింపలేదు.

మరియొక పరీక్ష ఉద్యోగ రూపమున వచ్చెను. గురుదేవులు వ్యాధిగ్రస్తులై యుండగా మాస్టరు మహాశయులు తరచుగా వారి సేవకు పోవుచుండిరి. ఆ యేడు పాఠశాల పరీక్షా ఫలితములు తగ్గెను. అందులకు ఈ రాకపోకలే కారణమని విద్యాసాగరులు భావించి సూచించిరి. విద్యాలయ శ్రేయస్సు కోరు అధిపతిగా వారి చింత సహజమే. మాస్టరు మహాశయులు వాదింపక వెంటనే రాజీనామా యిచ్చిరి. ఇంట పోషింపవలసినవారు ఎందరో. రేపటికి ఆధారము లేదు. అయినను గురుసేవను తగ్గించుకొనుటకు వారి మనసొప్పలేదు. గురుదేవులు ఆ నిర్ణయమును మెచ్చుకొనిరి. కొలదికాలములోనే వేరొక విద్యాలయమున వారికి పని లభించెను.

1886 ఆగస్టు 16వ తేదీన గురుదేవులు మహాసమాధి చెందిరి. వరాహనగర మఠమున యువ సన్న్యాసులు పస్తులుండిన దినములలో మాస్టరు మహాశయులు తమ సంపాదనలో కొంత వారికిని, శ్రీ శారదాదేవికిని అర్పించుచుండిరి. వారి వద్దగల అసలైన ధనము మాత్రము దినచర్య పుస్తకములు. గురుదేవుల కడ వినినదానిని ఇల్లు చేరి, తేదీ, వారము, తిథి, స్థలము, అచట నున్నవారి పేర్లతోసహా ఆ రాత్రియే వ్రాసికొనిరి. ఆ సంక్షిప్త లేఖనములనే సంవత్సరముల తరబడి ధ్యానించి గ్రంథముగా విస్తరించిరి. కథామృతపు మొదటి భాగము 1902లో వెలువడెను. బోధించు పనిని విడువకయే ఆ గ్రంథమును కొనసాగించిరి.

1905లో వారు మార్టన్ విద్యాలయమును స్వీకరించిరి. అనంతర కాలమున అది ఆంహర్స్ట్ వీధిలో నడచెను. ఆ భవనపు మేడమీది చిన్నగది వారి నివాసము. డాబాపై తులసి మొక్కల నడుమ సాయంకాలపు సత్సంగము. తాము గృహస్థులమను సంగతి మరువక, సన్న్యాసులకు నమస్కరించి భిక్ష సమర్పించుచుండిరి. ఒక్కొక్క రాత్రి పరుపుచుట్ట తీసికొనిపోయి సెనేట్ భవనపు అరుగుమీద ఇల్లులేని పేదల నడుమ శయనించెడివారు. తనకు ఇల్లున్నదను మమకారమును సడలించుకొనుటకు వారు కనుగొన్న సాధన మది.

కథామృతపు అయిదవ భాగము అచ్చగుచుండగా, చివరిదినము వరకు ప్రూఫులు దిద్దుచు, 1932 జూన్ 4వ తేదీ ఉదయమున మాస్టరు మహాశయులు గురుపాదములు చేరిరి. నేడు అనేక భాషలలో వారి గ్రంథము పఠింపబడుచున్నది. భగవంతుని వాణిని లోకమున కందించుటకు వారు అరణ్యమునకు పోలేదు. పిల్లలకు పాఠము చెప్పి, ఇంటివారిని పోషించి, రాత్రి దీపము ముందు కూర్చుండి వ్రాసిరి. సంసారభారముచే సాధనకు తీరిక లేదని విచారించు గృహస్థునకు ఆ దీపము నేటికిని త్రోవ చూపుచున్నది.