డాక్టరు జాన్ స్నో

పండ్రెండు పదునాలుగేండ్ల బాలబాలికలకు అంటువ్యాధులు ఎట్లు వ్యాపించునో, వాని మూలమును ఎట్లు వెదకవలయునో బోధింపబూనిన యుపాధ్యాయులు పెక్కు దేశములలో నేడును ఒకే కథతో నారంభింతురు. లండను నగరమునందలి సోహో పేట పటమును పిల్లల ముందు పరచి, మృతులను సూచించు నల్లని గీతలు ఏ నీటిపంపు చుట్టును క్రిక్కిరిసి యున్నవో కనుగొనుడందురు. పిల్లలు క్షణములో వ్రేలు పెట్టి చూపుదురు. పాఠము ముగియును. ఆ పటమును సిద్ధపరచిన డాక్టరు జాన్ స్నోకు మాత్రము కార్యము అంత సులభముగా సాగలేదు. ఆయన చరిత్రమున బాలురు నేర్వదగిన భాగమును ఆ పటమొక్కటియే చూపజాలదు.

స్నో 1813వ సంవత్సరము మార్చి 15వ తేదీన యార్కు పట్టణమున, ఒక కూలివాని యింట, తొమ్మండుగురు బిడ్డలలో పెద్దవాడుగా జన్మించెను. పదునాలుగవ యేట న్యూకాసిలు నగరమున ఒక శస్త్రవైద్యునియొద్ద శిష్యుడుగా జేరెను. 1831-32 సంవత్సరములలో విషూచి తొలిసారి ఇంగ్లండును పీడించినపుడు, ఆ బాలుడు కిల్లింగ్‌వర్తు బొగ్గుగని కార్మికులకు చికిత్స చేయబోయెను. పగలెల్ల భూగర్భమున నుండి, అచటనే మలవిసర్జనము గావించి, చేతులు కడుగుకొన నీరు లేక ఆ చేతులతోనే భుజించు కార్మికుల దురవస్థను ఆయన తరువాతి కాలమున తన వాదమునకు నిదర్శనముగా జూపెను. 1836లో లండను చేరి, 1844లో ఎం.డి. పట్టమును బడసెను.

బంగాళమునుండి 1817లో బయలుదేరి దేశదేశములకు ప్రాకిన ఈ వ్యాధియే మన పల్లెలయందు మరిడి యనియు, గత్తర యనియు పేరొందినది. నాటి లండను వైద్యులును అధికారులును అది చెడుగాలి వలన బుట్టునని దృఢముగా నమ్మియుండిరి. నిత్యము ఈథరు, క్లోరోఫారము ఆవిరులతో మెలగుచు, ఏ ఆవిరి దేహముపై నెంత పనిచేయునో కొలిచి యెరిగిన స్నోకు ఆ మాట రుచింపలేదు. (1853లో విక్టోరియా రాణికి ప్రసవ సమయమున క్లోరోఫారము నిచ్చినవాడు ఈతడే.) విషము గాలిలోనిదైనచో ముందుగా ఊపిరితిత్తులను పట్టవలయును గదా, వ్యాధి ప్రేవులలో నారంభించుటేల యని తర్కించి, రోగి మలమునందలి విషము నీటిలో గలసి యితరుల కడుపులోనికి పోవుచున్నదని 1849లో ఒక చిన్న పుస్తకమున బ్రకటించెను. చదివినవారు ఋజువేదని యడిగిరి. ఆ యడుగుట న్యాయమే.

1854వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీ రాత్రి సోహోలోని బ్రాడ్ వీథి చుట్టుపట్ల విషూచి విజృంభించెను. మూడు దినములలో 127 మంది మరణించిరి. స్నో జననమరణముల కచేరీకి పోయి 83 మంది మృతుల పట్టికను సంపాదించి, యింటింటికిని దిరిగి, ఏ నీరు త్రాగిరని యడుగసాగెను. వారిలో 73 మంది ఆ వీథి పంపునకు దగ్గరవారు. తక్కిన పదుగురు వేఱొక పంపునకు చేరువ నున్నవారు. ఇతరులైనచో ఆ పదుగురను వదలి వేసియుందురు. స్నో వారి గడపలే ముఖ్యముగా ద్రొక్కెను. ఐదు కుటుంబములవారు బ్రాడ్ వీథి నీరే మేలని అచటికే పంపి తెప్పించుకొనువారట. మఱి ముగ్గురు ఆ పంపు దగ్గర నున్న బడికి పోవు పిల్లలు!

చావవలసి యుండియు చావనివారిని గూర్చియు ఆయన అంతే శ్రద్ధతో విచారించెను. సమీపమున పోలండు వీథిలోని బీదల సత్రమున 535 మంది యుండగా ఐదుగురే మృతినొందిరి. అచట స్వంత బావి గలదు. బ్రాడ్ వీథిలోనే యున్న సారా బట్టీలో డెబ్బదిమందికి పైగా పనివారలుండియు ఒక్కడును చావలేదు. వారికి యజమాని యిచ్చు బీరే దాహము దీర్చెడిది. చిన్ననాటనే మద్యపాన నిషేధమును బోధించిన స్నోకు ఈ సాక్ష్యము కొంత చేదుగా నుండియుండును. ఐనను దాచలేదు. దూరమున హాంప్‌స్టెడ్డులో, విషూచి లేనిచోట, ఒక వితంతువు మరణించెను. ఆమె ప్రతిదినము బండిమీద బ్రాడ్ వీథి నీటిని తెప్పించుకొనెడిదని తేలెను. ఆమె యింట ఆ నీరు త్రాగి ఇజ్లింగ్‌టనుకు మరలిపోయిన మేనకోడలును మరణించెను. చెడుగాలి వాదమునకు ఇంతకు మించిన విఘాతము మఱొకటి లేదు.

సెప్టెంబరు 7వ తేదీన స్నో పేట పెద్దలకు ఈ సంగతులు విన్నవింపగా, మఱునాడు పంపు పిడిని ఊడదీయించిరి. బడి పాఠములు ఈచోట చప్పట్లతో ముగియును. స్నో మాత్రము, ప్రజలు పారిపోవుటచే వ్యాధి అంతకుమునుపే తగ్గుముఖము పట్టినదనియు, పిడి దీయుట వలననే అణగినదని నిశ్చయించుటకు వీలులేదనియు తానే వ్రాసెను. సుప్రసిద్ధమైన ఆ పటము కూడ పిడి దీసిన పిమ్మట తయారైనదే.

ఆ పేట చర్చి పురోహితుడు హెన్రీ వైట్‌హెడ్ స్నో మాటను అబద్ధమని నిరూపింపదలచి తానును ఇల్లిల్లు దిరిగెను. తిరిగి తిరిగి ఒప్పుకొనెను. 40వ నంబరు యింట ఒక పసిబిడ్డ ముందుగా జబ్బుపడగా, తల్లి ఆ గుడ్డలు ఉదికిన నీటిని పంపుబావికి మూడడుగులలోపు నున్న మరుగుగుంటలో బోసినదని ఆతడే కనుగొనెను. శిథిలమైన యిటుకల సందులగుండ ఆ గుంట బావిలోనికి ఊరుచుండెను.

అదే కాలమున స్నో దక్షిణ లండనులో ఇంకను గొప్ప పరిశోధనము గావించెను. ఒకే వీథిలో ప్రక్క ప్రక్క యిండ్లకు రెండు కంపెనీలు నీరిచ్చుచుండెను. ఒకటి థేమ్సునది మురికి భాగమునుండి నీరు తోడునది. రెండవది 1852లో నగరమునకు ఎగువకు మారినది. పదివేల యిండ్లకు మొదటిదానిలో 315 చావులు, రెండవదానిలో 37! ఏ యింటి నీరు ఏ కంపెనీదో యింటివారే యెరుగనిచోట, నీటిలోని ఉప్పును పరీక్షించి తేల్చెను.

ఐనను ప్రభుత్వ ఆరోగ్యమండలి సంఘము 1855లో ఆయన సిద్ధాంతమును త్రోసిపుచ్చెను. 1858 జూన్ 16వ తేదీన, నలువదియైదవ యేట, పక్షవాతముచే స్నో పరమపదించెను. ఎనిమిదేండ్లకు తూర్పు లండనులో విషూచి వచ్చినపుడు విలియం ఫార్ నీటినే కారణముగా జూపెను. 1884లో కలకత్తా చెరువుల నీట రాబర్టు కోహ్ ఆ సూక్ష్మజీవిని గనెను. స్నో మరణించినపుడు లాన్సెట్ వైద్యపత్రిక కొలది పంక్తులలో ఆయన మత్తుమందుల పనిని మాత్రము స్మరించి, విషూచి మాటయే యెత్తలేదు. ఆ లోపమును 2013లో, 155 సంవత్సరములకు, ఆ పత్రికయే సవరించుకొనెను.