రేసింగ్‌కు తొలి మెట్టు కట్టిన కోయంబత్తూరు తెలుగువాడు కరివర్ధన్

ఫార్ములా వన్ ప్రపంచ చాంపియన్‌షిప్ రేసుల్లో ఇప్పటివరకు భారతదేశం నుంచి పాల్గొన్నవారు ఇద్దరే. ఒకరు 2005లో అడుగుపెట్టిన నరేన్ కార్తికేయన్, మరొకరు 2010లో బరిలో దిగిన కరుణ్ చందోక్. వయసులోను, ఊరిలోను, ఎదిగిన తీరులోను వేర్వేరైన ఈ ఇద్దరికీ ఒక పోలిక ఉంది. స్వదేశంలో తమ తొలి రోజుల్లో ఇద్దరూ నడిపినది ఒకే రకం రేసు కారు. దాని పేరు ఫార్ములా మారుతి. ఆ కారుకు రూపకల్పన చేసినవారు కోయంబత్తూరుకు చెందిన తెలుగు పారిశ్రామిక కుటుంబీకుడు ఎస్. కరివర్ధన్. తాను వేసిన విత్తనం మొలకెత్తడం ఆయన చూశారు గానీ, అది చెట్టై కాయడం చూడలేకపోయారు. 1995 ఆగస్టులో ఒక విమాన ప్రమాదం ఆయన ప్రాణాలు బలిగొంది. అప్పటికి ఆయన నలభయ్యో పడిలోకి అడుగుపెట్టి ఎంతో కాలం కాలేదు.

నూలు మిల్లుల నుంచి యంత్రాలకు

కోయంబత్తూరు ప్రాంతంలో తెలుగు కుటుంబాల ఉనికి కొత్తది కాదు. విజయనగర, నాయక రాజుల కాలాల్లో పలు దఫాలుగా దక్షిణానికి తరలివెళ్లిన రైతు కుటుంబాలు అక్కడి నల్లరేగడి నేలల్లో పత్తి పండించాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుతూ తరాలు గడిపాయి. పత్తి పండించిన చేతులే తరువాత పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులను, ఆపై నూలు మిల్లులను స్థాపించాయి. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో నెలకొల్పిన లక్ష్మీ మిల్స్ వాటిలో ప్రముఖమైనది. కరివర్ధన్ ఆ కుటుంబంలో 1954లో జన్మించారు.

1930లలో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి రావడంతో కోయంబత్తూరులో మిల్లుల సంఖ్య పెరిగింది. మిల్లులు పెరిగేకొద్దీ యంత్రాల మరమ్మతు అవసరమూ పెరిగింది. విడిభాగాలు ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చేదాకా మగ్గాలు, కదుర్లు ఆగిపోతే నష్టం భరించలేనిది. అందుకే ఊరిలోనే ఇనుము పోత పోసే ఫౌండ్రీలు, లేత్ యంత్రాలతో నడిచే వర్క్‌షాపులు పుట్టుకొచ్చాయి. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి విద్యుత్ మోటారును స్వదేశంలో తయారుచేసి చూపారు. 1962లో లక్ష్మీ మిల్స్ కుటుంబం నుంచే లక్ష్మీ మెషీన్ వర్క్స్ పుట్టి, నూలు వడికే యంత్రాలను దేశంలోనే తయారుచేయడం మొదలుపెట్టింది.

వీరిలో జి.డి. నాయుడు జీవితం కరివర్ధన్ కథకు పూర్వపీఠిక వంటిది. యువకుడిగా ఒక మోటార్‌సైకిల్‌పై మనసు పారేసుకున్న ఆయన, కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, విడదీసి, తిరిగి బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో ఒక్క బస్సుతో రవాణా సంస్థ ప్రారంభించారు. 1952లో రెండు వేల రూపాయలకే అమ్మగలిగేలా ఇద్దరు కూర్చునే చిన్న కారును రూపొందించారు. అయితే దాని ఉత్పత్తికి ప్రభుత్వ అనుమతి దక్కలేదు. నైపుణ్యం ఉన్నా లైసెన్సు లేక ఒక కారు ఆగిపోయిన ఊరిలో, ఆ ఘటన జరిగిన రెండేళ్లకు కరివర్ధన్ పుట్టారు.

ఉక్కు పుట్టిన కాలం, కారు దొరకని కాలం

అది స్వతంత్ర భారతం భారీ పరిశ్రమల వైపు అడుగులు వేస్తున్న సమయం. 1955 ఫిబ్రవరిలో భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని ఆ ఉక్కు నగరానికి బతుకుతెరువు కోసం తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. శతాబ్దాల కిందట కోయంబత్తూరుకు నాగళ్లతో వెళ్లినవారి మాదిరిగానే, వీరు భిలాయ్‌కు పనిముట్లతో వెళ్లారు.

భిలాయ్ కొలిమిలో కరిగిన ఇనుము రైలు పట్టాలై దేశమంతటా పరచుకుంది. కానీ అదే దేశంలో సొంత కారు కొనాలంటే సంవత్సరాల తరబడి ఎదురుచూడాలి. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ వంటి రెండు మూడు రకాలకు మించి ఎంపిక ఉండేది కాదు. విదేశీ కారు తెప్పించుకోవాలంటే దిగుమతి అనుమతి, భారీ సుంకం అడ్డుగా నిలిచేవి. ప్రణాళికల దృష్టిలో కారు విలాస వస్తువు. ఇక రేసు కారు సంగతి చెప్పనక్కరలేదు.

షోళవరం నేర్పిన పాఠం

ఆ పరిస్థితుల్లోనూ మోటారు పందేలు ఆగలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో వేసిన విమాన రన్‌వేలు పందేలకు వేదికలయ్యాయి. కలకత్తా సమీపంలోని బారక్‌పూర్, బొంబాయిలోని జుహు, మద్రాసు సమీపంలోని షోళవరం వాటిలో పేరొందినవి. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ షోళవరంలో నిర్వహించిన వార్షిక పందేలకు జనం తండోపతండాలుగా తరలివచ్చేవారు. కార్లతో పాటు మోటార్‌సైకిళ్లూ అక్కడ పరుగులు తీసేవి.

కరివర్ధన్ రేసు డ్రైవరుగా ఎదిగింది ఈ వాతావరణంలోనే. ఆయన కారును నడపడంతో తృప్తిపడే రకం కాదు. చట్రం ఎలా వంగుతోంది, చక్రం ఎలా తిరుగుతోంది, ఇంజిను నుంచి మరికొంత శక్తి ఎలా రాబట్టవచ్చు అన్న ప్రశ్నలు ఆయనను వర్క్‌షాపుకు లాక్కెళ్లేవి. సొంతంగా రేసు కార్లు నిర్మించడం ఆయన జీవితవ్యాపకమైంది. కోయంబత్తూరు ఫౌండ్రీలు, లేత్ యంత్రాలు, చేతి పనితనం గల మెకానిక్కులు ఆయనకు సహజంగా లభించిన సంపద.

షోళవరం ఆయనకు ఒక చేదు వాస్తవాన్ని కూడా చూపింది. సంస్థానాధీశుల వారసులు, పెద్ద పారిశ్రామికవేత్తలు విదేశాల నుంచి శక్తిమంతమైన కార్లు తెప్పించుకునేవారు. 1980ల తొలినాళ్లలో ఒక పాత ఫార్ములా వన్ కారు సైతం ఆ రన్‌వేపై దూసుకెళ్లింది. అదే మైదానంలో మరికొందరు తమ ఫియట్లకు, హెరాల్డులకు మార్పులు చేసుకుని బరిలో దిగేవారు. గెలుపు చాలాసార్లు డ్రైవరు నేర్పుకన్నా యంత్రం ఖరీదును బట్టి తేలిపోయేది. ప్రతిభ గల కుర్రవాడు ఎవరో తెలుసుకోవడానికి అక్కడ కొలబద్ద లేదు.

ఫార్ములా మారుతి

ఆ కొలబద్దకు అవకాశం 1983 డిసెంబరులో వచ్చింది. మారుతి 800 కారు మార్కెట్లోకి విడుదలైంది. మూడు సిలిండర్లతో, 796 సీసీ సామర్థ్యంతో ఉన్న దాని ఇంజిను తేలికైనది, నమ్మదగినది. కొద్ది సంవత్సరాల్లోనే దాని విడిభాగాలు చిన్న పట్టణాల్లోనూ దొరకసాగాయి. సామాన్య కుటుంబాలు బజారుకు వెళ్లే కారులోని ఇంజినులో కరివర్ధన్ ఒక రేసు కారు గుండెను చూశారు.

1980ల చివరలో ఆయన ఆ ఇంజినుతో ఒంటి సీటు రేసు కార్లను రూపొందించారు. చక్రాలకు కప్పు లేని, నేలకు బాగా దగ్గరగా ఉండే, డ్రైవరు వెనుక ఇంజిను అమర్చిన కార్లవి. రూపంలో అవి విదేశీ ఫార్ములా కార్లకు చిన్న తోబుట్టువులు. ఖర్చులో మాత్రం వాటితో పోలికే లేదు. ఇంజిను చెడితే లండనుకు ఉత్తరం రాయనక్కరలేదు, పక్క వీధిలోని మెకానిక్కు చాలు.

అంతకన్నా ముఖ్యమైనది ఆ కార్ల సమానత్వం. అందరికీ ఒకే చట్రం, ఒకే ఇంజిను ఇచ్చినప్పుడు డబ్బు వెనక్కి తగ్గి నేర్పు ముందుకు వస్తుంది. మలుపు ముందు బ్రేకు ఎంత ఆలస్యంగా నొక్కగలడు, ముందున్న కారును ఎక్కడ దాటగలడు, చివరి చుట్టు దాకా టైర్లను ఎలా కాపాడుకోగలడు అన్నవే విజేతను నిర్ణయిస్తాయి. శక్తి తక్కువ గల కారులో ఒక చిన్న పొరపాటుకైనా వేగం పోతే తిరిగి రావడం కష్టం. అందువల్ల ఆ కారు మంచి గురువుగా కూడా పనిచేసింది.

ప్రపంచ మోటారు క్రీడలో ఈ మార్గానికి మరో ఉదాహరణ మోటోక్రాస్. మట్టి దిబ్బలపై మోటార్‌సైకిళ్లు ఎగురుతూ సాగే ఆ పోటీకి 1957లో 500 సీసీ తరగతిలో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది. 1962లో 250 సీసీకి, 1975లో 125 సీసీకి ఆ హోదా విస్తరించింది. ఇంజిను పరిమాణం తగ్గినకొద్దీ క్రీడ ద్వారం వెడల్పయింది. పొట్టి దేహం గల బెల్జియం రైడరు గాస్టన్ రాయే 1975 నుంచి 1977 వరకు వరుసగా మూడేళ్లు 125 సీసీ కిరీటం గెలిచి, చిన్న యంత్రంపై గెలుపు చిన్నది కాదని రుజువు చేశారు. కరివర్ధన్ నాలుగు చక్రాలపై భారతదేశంలో సాధించినదీ ఇటువంటిదే.

విత్తనం నాటిన చేయి

1990లో శ్రీపెరుంబుదూర్ సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో మద్రాసు క్లబ్ నిర్మించిన శాశ్వత ట్రాక్ ప్రారంభమైంది. రన్‌వేపై గడ్డిమోపులు పేర్చి పందెం నడిపే కాలం ముగిసింది. మలుపులు, ఎత్తుపల్లాలు ఉన్న ఆ ట్రాక్‌కు ఫార్ములా మారుతి కార్లు సరిగ్గా అతికాయి.

1993లో పదహారేళ్ల కోయంబత్తూరు బాలుడు నరేన్ కార్తికేయన్ శ్రీపెరుంబుదూర్‌లో ఫార్ములా మారుతి నడిపాడు. ర్యాలీల్లో జాతీయ స్థాయి విజేత అయిన జి.ఆర్. కార్తికేయన్ కుమారుడు కావడంతో వేగం అతనికి ఇంట్లోనే పరిచయం. అయితే ఒంటి సీటు కారులో తోటివారితో భుజం భుజం రాసుకుంటూ పోటీపడే చోటు దేశంలో దొరికింది మాత్రం కరివర్ధన్ కార్ల వల్లనే. 1994లో నరేన్ బ్రిటన్‌లో ఫార్ములా ఫోర్డ్ శీతాకాల సిరీస్ గెలిచాడు. 1995లో ఫార్ములా ఆసియా పోటీల్లో ప్రవేశించాడు.

ఆ సంవత్సరం ఆగస్టులోనే కరివర్ధన్ మరణించారు. మరుసటి ఏడాది నరేన్ ఫార్ములా ఆసియా చాంపియన్ అయ్యాడు. ఆ కిరీటం గెలిచిన తొలి భారతీయుడు అతడే.

2005, ఒక సీజన్

కరివర్ధన్ మరణించిన పదేళ్లకు, 2005 మార్చిలో, మెల్‌బోర్న్‌లో నరేన్ జోర్డాన్ జట్టు తరఫున తన తొలి ఫార్ములా వన్ రేసులో పాల్గొన్నాడు. ఆ జట్టు కారు వెనుకబడినది. సీజన్‌లో ఎక్కువ భాగం చివరి వరుసల్లోనే గడిచింది. జూన్ 19న ఇండియానాపొలిస్‌లో జరిగిన అమెరికా గ్రాండ్ ప్రీలో మాత్రం అనూహ్య పరిణామం చోటుచేసుకుంది. మిషెలిన్ టైర్ల భద్రతపై సందేహంతో 14 కార్లు రేసు మొదలుకాకుండానే వైదొలిగాయి. మిగిలిన ఆరు కార్ల పోటీలో నరేన్ నాలుగో స్థానంలో నిలిచి 5 పాయింట్లు పొందాడు. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో భారతీయుడికి దక్కిన తొలి పాయింట్లవి. పరిస్థితులు అసాధారణమే అయినా, ఆ రోజు ఆ వరుసలో నిలబడటానికి ముందుగా అక్కడిదాకా చేరుకోవాలి. ఆ ప్రయాణంలో తొలి మజిలీ 796 సీసీ కారు.

కరుణ్ చందోక్ కథ కూడా ఆ మెట్టు మీదుగానే సాగింది. కరివర్ధన్ పోయిన ఐదేళ్లకు, 2000లో, ఆయన ఫార్ములా మారుతిలో జాతీయ చాంపియన్ అయ్యారు. రూపకర్త లేకపోయినా కారు తన పని తాను చేసుకుపోయిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

పేరు నిలిచిన చోటు

కరివర్ధన్ సమకాలికుడైన ఎల్‌జీబీ సంస్థ అధిపతి బి. విజయకుమార్ చొరవతో కోయంబత్తూరు సమీపంలోని చెట్టిపాళయంలో 2003లో ఒక రేసు ట్రాక్ ప్రారంభమైంది. సుమారు 2.1 కిలోమీటర్ల పొడవు గల ఆ ట్రాక్‌కు కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. అక్కడ కార్లు, మోటార్‌సైకిళ్ల జాతీయ పోటీలు జరుగుతున్నాయి. ఫార్ములా మారుతి తరువాత వచ్చిన ఫార్ములా ఎల్‌జీబీ కార్లు కూడా స్వదేశీ ఇంజిను, సమాన యంత్రం అనే సూత్రాన్నే అనుసరించాయి.

మోటారు రేసింగ్ ఇప్పటికీ పేదవాడి ఆట కాదు. టైర్లు, ఇంధనం, ప్రయాణం, శిక్షణ అన్నీ ఖర్చుతో కూడుకున్నవే. విదేశాలకు వెళ్లి పోటీపడాలంటే ఆ ఖర్చు ఎన్నో రెట్లవుతుంది. ఆ అంతరాన్ని కరివర్ధన్ పూర్తిగా చెరిపేయలేదు, చెరిపేయడం ఆయన ఒక్కరి వల్ల అయ్యేదీ కాదు. కానీ సంపన్నుల దిగుమతి కార్ల మధ్య ప్రతిభకు కొలమానమే లేని చోట, బజారులో దొరికే ఇంజినుతో ఒక కొలమానం నిలబెట్టారు. పత్తి నుంచి నూలుకు, నూలు నుంచి యంత్రానికి సాగిన కోయంబత్తూరు తెలుగు కుటుంబాల శ్రమచరిత్రలో ఆ చిన్న కారుకూ ఒక స్థానం ఉంది.