వేణు బప్పు: హైదరాబాద్‌లో తారలు చూస్తూ పెరిగారు.. నక్షత్రాల అసలు వెలుగు గుట్టు విప్పారు!

విశ్వం విస్తరిస్తోంది. అదీ వేగం పెంచుకుంటూ! 1998లో ఈ సంగతి బయటపెట్టింది దూరాన పేలిన నక్షత్రాలు, అంటే సూపర్‌నోవాలు. ఈ వేగం వెనుక ఉన్న అంతుచిక్కని శక్తికే డార్క్ ఎనర్జీ అని పేరు. ఆ వార్తకు 16 ఏళ్ల ముందే కన్నుమూసిన మన హైదరాబాద్ కుర్రాడు ఒకరు, ఇలాంటి లెక్కలకు ప్రాణం లాంటి ప్రశ్నకు తన వంతు జవాబు చెప్పి వెళ్లారు. ఆయనే వేణు బప్పు.

బేగంపేట నుంచి హార్వర్డ్‌కు

బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. కుటుంబానిది కేరళలోని తలస్సేరి. తండ్రి బేగంపేటలోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. దాంతో చిన్నప్పటి నుంచే టెలిస్కోపులతో స్నేహం. నిజాం కాలేజీలో చదువుతూనే, వెలుగు పెరిగి తగ్గే నక్షత్రాల మీద పరిశీలనలు రాసేవారు.

హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో 1949లో అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లారు. అదే ఏడాది తాను తీసిన ఫొటోలో ఓ కొత్త తోకచుక్క దొరికింది. దానికి బప్పు-బోక్-న్యూకిర్క్ అని పేరు పెట్టారు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లే. 1952లో పీహెచ్‌డీ పూర్తిచేశారు.

అసలు చిక్కు ఎక్కడుంది?

రాత్రిపూట దేవరకొండ రోడ్డు మీద పోతుంటే దూరంగా ఓ లైటు కనిపిస్తుంది. అది దగ్గర్లో ఉన్న బైకా, ఎక్కడో దూరాన వస్తున్న లారీనా? చూడగానే చెప్పలేం. లైటు అసలు పవర్ ఎంతో తెలిస్తేనే దూరం లెక్క తేలుతుంది. ఆకాశంలోనూ ఇదే ఇబ్బంది.

అమెరికాలో ఓలిన్ విల్సన్‌తో కలిసి బప్పు దీనికి ఓ దారి చూపించారు. సూర్యుడి లాంటి, అంతకంటే చల్లని నక్షత్రాల కాంతిని రంగులుగా విడగొడితే, కాల్షియం వల్ల ఏర్పడే ఓ నల్ల గీత నడుమ సన్నటి మెరుపు కనిపిస్తుంది. ఆ మెరుపు ఎంత వెడల్పుగా ఉంటే, నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువ! 1957లో వెలువడిన ఈ ఫలితాన్ని విల్సన్-బప్పు ఎఫెక్ట్ అంటారు.

సూపర్‌నోవాలకూ ఇలాంటి సూత్రమే కావాలి. టైప్ 1ఏ రకం సూపర్‌నోవాల్లో, పేలాక నెమ్మదిగా మసకబారేవి ఎక్కువ వెలుగున్నవి. పద్ధతి వేరు, ఆలోచన ఒక్కటే. ఆ లెక్కతో చూస్తేనే దూరపు సూపర్‌నోవాలు అనుకున్న దానికంటే మసకగా ఉన్నాయని, అంటే ఇంకా దూరంగా ఉన్నాయని తేలింది. దీనికి సాల్ పెర్ల్‌మటర్, బ్రయాన్ ష్మిట్, ఆడమ్ రీస్‌లకు 2011లో నోబెల్ వచ్చింది.

తిరిగొచ్చి ఏం చేశారు?

అమెరికాలోనే ఉండిపోయే అవకాశం ఉన్నా బప్పు వెనక్కి వచ్చారు. నైనిటాల్ అబ్జర్వేటరీని నిలబెట్టారు. 1960లో కొడైకెనాల్ బాధ్యతలు తీసుకున్నారు. తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు కేంద్రాన్ని మొదలుపెట్టారు. 1971లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌కు రూపం ఇచ్చారు. పెద్ద టెలిస్కోపును మన దేశంలోనే తయారు చేయాలని పట్టుబట్టారు.

1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడయ్యారు. ఆయన ఆ పదవిలో ఉండగానే, 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మీదుగా సాగింది. నల్గొండ సరిహద్దుకు దగ్గర్లోని జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీకి విదేశీ శాస్త్రవేత్తలు తరలివచ్చారు. 48 అంగుళాల టెలిస్కోపు ఉన్న ఆ కేంద్రం ఉస్మానియా యూనివర్సిటీదే. బప్పు తండ్రి పనిచేసిన నిజామియాకు అది కొనసాగింపు.

చూడకుండానే వెళ్లిపోయారు

1982 ఆగస్టు 19న, గుండె ఆపరేషన్ తర్వాత మ్యూనిక్‌లో బప్పు మరణించారు. వయసు 55 ఏళ్లే. ఆయన కలగన్న 2.34 మీటర్ల టెలిస్కోపు అప్పటికింకా తయారీలోనే ఉంది. 1986లో కావలూరులో దానికి ఆయన పేరే పెట్టారు.

డార్క్ ఎనర్జీ అంటే ఏంటో ఇప్పటికీ తేలలేదు. విశ్వంలో దాదాపు 70 శాతం అదేనని మాత్రం లెక్కలు చెబుతున్నాయి. ఆయన రూపమిచ్చిన సంస్థ శాస్త్రవేత్తలు ఇప్పుడు లడఖ్‌లోని హాన్లేలో, 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపుతో సూపర్‌నోవాలు ఎలా వెలిగి ఎలా మసకబారుతున్నాయో నమోదు చేస్తున్నారు.