చంద్రగిరి మేడలో ఏలిన వెంకటపతి రాయలు

చంద్రగిరి: తిరుపతికి 12 కిలోమీటర్లలో, కొండ కింద కోటలో ఉన్న రాజమహల్‌ను చూడవచ్చే వారిలో చాలామంది అది శ్రీకృష్ణదేవరాయల రాజధాని అనుకుంటారు. కాని ఈ ఊరు రాజధాని అయింది రాయలవారు పోయిన అరవై ఏళ్లకు పైగా గడిచాక. అప్పుడు ఈ కోటలో ఉండి రాజ్యం ఏలినవాడు ఆరవీటి వెంకటపతి రాయలు.

1565లో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమల రాయలు విజయనగరం వదిలి పెనుగొండ చేరాడు. ఆయన కుమారుల్లో చిన్నవాడు వెంకటపతి. తండ్రి ఇతనికి చంద్రగిరి ఇచ్చి తమిళ సీమను చూడమన్నాడు. పెనుగొండలో ఏలుతున్న అన్న శ్రీరంగ రాయలు బిడ్డలు లేకుండా పోవడంతో 1586 ప్రాంతంలో వెంకటపతికి పట్టాభిషేకం జరిగింది.

అది పూలపాన్పు కాదు. చార్మినార్ కట్టించిన గోల్కొండ నవాబు మహమ్మద్ కులీ కుతుబ్‌షాయే సేనలతో వచ్చి పెనుగొండను ముట్టడించాడు. రాయలు సంధి మాటలతో కొంత గడువు సంపాదించి, ఈలోగా కోటలోకి తిండిగింజలు, మనుషులను చేర్చుకున్నాడు. నవాబు వెనక్కి పోక తప్పలేదు. అయినా సరిహద్దులో ఉన్న పెనుగొండ క్షేమం కాదని 1592 ప్రాంతంలో రాజధానిని చంద్రగిరికి మార్చారు.

మూడంతస్తుల రాజమహల్‌ను రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. కలప వాడలేదు. పక్కనే రాణీమహల్ ఉంది. 1598లో క్రైస్తవ పాద్రీలు ఈ ఊరికే వచ్చి రాయలను కలిశారు. ఆయన వారిని ఆదరించాడు. తాను మాత్రం ఏడుకొండలవాడి భక్తుడు. అంతకుముందు రాయల శాసనాల చివర విరూపాక్షుడి పేరు ఉండేది, ఈయన కాలంలో వెంకటేశ్వరుడి పేరు వచ్చింది. తిరుమల ఆలయంలోకి అడుగుపెట్టగానే కృష్ణదేవరాయల విగ్రహాలు చూసి భక్తులు ముందుకు సాగిపోతారు. అక్కడే ఉన్న వెంకటపతి రాగి విగ్రహాన్ని గమనించేవారు తక్కువ.

తర్వాత వేలూరు కోటను గెలిచి మకాం అక్కడికి మార్చాడు. గొడవంతా ఇంట్లోనే మొదలయింది. రాయలకు రాణులు చాలామంది ఉన్నా కొడుకు లేడు. ఒక రాణి ఎవరి బిడ్డనో తెచ్చి తన కడుపున పుట్టాడని చెప్పిందని, సంగతి తెలిసీ రాయలు పైకి అనలేదని 1616లో బర్రాదాస్ అనే పోర్చుగీసు పాద్రీ రాసిన లేఖలో ఉంది. యుద్ధంలో అంత యుక్తిగా మెలిగిన మనిషి ఇంటి విషయంలో ఇన్నేళ్లు నోరు మెదపకపోవడమే కొంప ముంచింది.

1614లో మంచాన పడ్డాక అన్న కొడుకు శ్రీరంగకు రాజ్యం అప్పగించి రాయలు కన్నుమూశాడు. రాణి అన్న గొబ్బూరి జగ్గరాయలు ఇది ఒప్పుకోలేదు. శ్రీరంగను పట్టి చెరలో వేసి, చివరకు కుటుంబంతో సహా చంపించాడు. వెంకటగిరి రాజుల పూర్వీకుడు వెలుగోటి యాచమ నాయకుడు అంతకుముందే ఒక కొడుకును చాకలి చేత బట్టల మూటలో కోట దాటించాడు. ఆ పిల్లవాడే రామదేవ రాయలు. అతని కోసం తోపూరు వద్ద జరిగిన పోరులో జగ్గరాయలు హతుడయ్యాడు.

1639లో చెన్నపట్నం భూమిని ఇంగ్లీషువారికి ఇచ్చినప్పుడు ఏలినవాడు కూడా వెంకటపతే. కాని ఆయన వేరు, ఈయన వేరు. అప్పటికి ఈయన పోయి పాతికేళ్లు.

1646లో చంద్రగిరి గోల్కొండ వశమైంది, తర్వాత మైసూరు వారి చేతికి పోయింది. ఇప్పుడు రాజమహల్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. లోపల మ్యూజియం నడుస్తోంది.